మా గింజల పొట్లం మీద తెలుగు చాలదా?

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికీ, ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికీ,

విశాఖపట్నం మద్దిలపాలెం నుంచి రాస్తున్న ఉత్తరం.

మేం గింజలు వేయించి అమ్ముకునేవాళ్లం. గుమ్మడి పప్పు, పుచ్చ పప్పు, పొద్దుతిరుగుడు పప్పు, అవిసెలు, నువ్వులు, వేరుశనగ గుళ్లు, గుల్లశనగలు. నూనె చుక్క వెయ్యం, రంగు వెయ్యం. కొన్నింటికి ఉప్పునీళ్లు చిలకరిస్తాం, కొన్నింటికి అదీ లేదు. చిన్నా పెద్దా పొట్లాలు కట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టళ్ల పిల్లలకూ, ఆర్టీసీ డిపోలో డ్యూటీ దిగే కండక్టర్లకూ, పొద్దున్నే నడకకు వచ్చే పెద్దలకూ అమ్ముతాం. ఎంవీపీ కాలనీ వైపు కొన్ని కిరాణా కొట్లకు కూడా వేస్తాం. మీ కార్యాలయం ఢిల్లీలో కోట్లా రోడ్డు మీద ఉంది. మాది హైవే పక్క సందులో ఒక రేకుల షెడ్డు. మీకూ మాకూ మధ్య రోజూ నడిచే సంబంధం పొట్లం వెనక అంటించే చీటీ ఒక్కటే. ఈ ఉత్తరం దాని గురించే.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆహార పొట్లం మీద తప్పనిసరిగా చెప్పాల్సిన సంగతులన్నీ ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలోని హిందీలో గానీ ఉండాలి. వేరే భాష ఏదైనా అదనంగా వేసుకుంటే అభ్యంతరం లేదన్నారు. అంటే ఇంగ్లీషు ఒక్కటే వేస్తే సరిపోతుంది, హిందీ ఒక్కటే వేసినా సరిపోతుంది, తెలుగు ఒక్కటే వేస్తే మాత్రం అది లేబులే కాదు. తూనికలు కొలతల శాఖవారి 2011 నిబంధనలదీ ఇదే వరస. తెలుగునాట తయారై తెలుగునాటే అమ్ముడయ్యే సరుకు మీద తెలుగు ఒక్కటీ సరిపోయేలా మీ నిబంధన మార్చండి.

రూల్సంటే గిట్టక రాస్తున్నానని అనుకోకండి. మాలాంటి చిన్న తయారీదారుల రిజిస్ట్రేషన్‌కి మీరు 2011లో పెట్టిన రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఇక్కడి డిగ్రీ కాలేజీ దగ్గర ఇద్దరు కూర్చుని టిఫిను తిని, టీ తాగితే అంతకన్నా ఎక్కువే అవుతుంది. యంత్రం కొనుక్కోవడానికి 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో పెట్టుబడికి 35 శాతం దాకా, 10 లక్షలకు మించకుండా రాయితీ పెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వేయించిన గింజల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది. ఇవన్నీ మేలే, కాదనను.

పైగా గింజల వ్యాపారం మీద ఎవరి కన్నూ లేకపోతే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలియాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. ఆరా తీస్తే వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ పిండికి బూజు పట్టి ఉందని తేలింది. ఆ బూజు విడిచే విషానికే తర్వాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. మనిషి కాలేయానికి అది చేసే చేటు ఇప్పుడు ప్రపంచానికంతటికీ తెలుసు. మాది సముద్రపు గాలి. వానాకాలం వచ్చిందంటే గోనెసంచిలో గింజ కూడా చెమర్చినట్టుంటుంది. బస్తా కింద చెక్క వెయ్యకుండా నేలకు ఆనించారో, అడుగున ఉన్న గింజ ముక్కవాసన పడుతుంది. వేయించేస్తే అన్నీ పోతాయని చాలామంది నమ్మకం. వేడికి బూజు చస్తుంది గానీ, అది అప్పటికే విడిచిన విషం పూర్తిగా పోదు, మూకుడు సెగకు లొంగే రకం కాదది. అందుకని ముడత పడినవీ, రంగు మారినవీ, పురుగు తొలిచినవీ పొయ్యి ఎక్కకముందే చేటలో ఏరి పారెయ్యాలి. ఆ విషానికి మీరు పెట్టిన హద్దును ఇంకా దించుతామన్నా మేం అడ్డు చెప్పం.

మా షెడ్డులో ఏరేదీ, వేయించేదీ మా అప్ప, అంటే మా అక్క. తిరిగే డ్రమ్ము రోస్టరు ఉంది, గ్యాసు మీద నడుస్తుంది. అయినా ఎప్పుడు దింపాలో చెప్పేది యంత్రం కాదు. అవిసెలు చిటపటలాడతాయి. ఆ చప్పుడు పలచబడుతుండగానే దించాలి, పూర్తిగా ఆగేదాకా ఉంచితే చేదెక్కుతాయి. నువ్వులు ఎగిరిపడుతుంటాయి, వాటిని రంగు తిరిగేలోపే తీసెయ్యాలి. దించాక కూడా వాటి వేడికి అవే వేగుతుంటాయి కాబట్టి. గుమ్మడి పప్పు బుర్రుమని ఉబ్బి టప్పున పేలుతుంది, దాంతో పేచీ లేదు. పొద్దుతిరుగుడు పప్పు మాత్రం మహా దొంగ. ఎంతసేపటికీ తెల్లగానే కనబడి, ఇటు తిరిగి అటు చూసేసరికి మాడి కూర్చుంటుంది. గుల్లశనగలది వేరే విద్య. శనగల్ని ఒకసారి వెచ్చచేసి, తడిపి, రాత్రంతా అలా ఉంచి, మర్నాడు కాలే ఇసుకలో మళ్లీ వేయించి పొట్టు రాల్చాలి. అది మా షెడ్డులో కుదరదు, తయారైన సరుకే పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చుకుంటాం.

వేయించడం ఒక ఎత్తయితే చల్లార్చడం ఒక ఎత్తు. వేడి మీద కవర్లో పోసి మూతి అంటిస్తే లోపల ఆవిరి నీరై గింజ మెత్తబడుతుంది. చల్లారాక కూడా పళ్లేల్లో వదిలేస్తే మా ఊరి గాలికి అంతకన్నా త్వరగా మెత్తబడుతుంది. వేయించిన గింజలో నూనె త్వరగా చెడుతుంది కూడా, అవిసెల్లో మరీను. ఎన్నాళ్లలోపు తినాలో చీటీ మీద వేసే తేదీ వెనక ఈ లెక్కలన్నీ ఉన్నాయి. ఆ తేదీ ఎంత వెయ్యాలో చెప్పేది కూడా అప్పే.

అలాంటి మనిషి ఆ చీటీ చదవలేదు. ఏడో తరగతి దాకా చదువుకుంది, తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలేస్తుంది. తన చేత్తో ఏరి, వేయించి, తూచి, సీలు వేసిన పొట్లం మీద తనే అంటించే కాగితంలో ఏముందో మాత్రం నన్నడగాలి. ఏ రకానికి ఏ చీటీయో రంగును బట్టి గుర్తు పెట్టుకుంటుంది. పొరపాటు జరిగితే మొదట పట్టుకోవాల్సిన కళ్లు ఆవిడవి. ఆ కళ్లకే మీ నిబంధన గంతలు కట్టింది.

ఇక కొనేవాళ్లు. పొద్దున్నే వచ్చే పెద్దావిడ ఒకరికి రక్తపోటు. పొట్లం అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఉప్పెంతమ్మా?" అని నన్నే అడుగుతారు. ఆ సంగతి పొట్లం మీద ఉంది, సోడియం ఇన్ని మిల్లీగ్రాములని ఇంగ్లీషులో. ఆవిడకు అక్కరకు రాని చోట, అక్కరకు రాని భాషలో ఉంది. పల్లీ పడని పిల్లాడి తల్లి ఒకామె నువ్వులు కొనబోతూ, ఒకే డ్రమ్ములో రెండూ వేయిస్తారా అని అడిగింది. వేయిస్తాం, మధ్యలో కడుగుతాం, అయినా వద్దులెండి అన్నాను. ఆ హెచ్చరిక కూడా చీటీ మీద ఉంది. నేను కొట్లో ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను. ఎంవీపీ కాలనీ కిరాణా కొట్లో నేనుండను.

రెండు భాషలూ వేసుకోవచ్చుగా అంటారేమో. యాభై గ్రాముల పొట్లం మీద చోటెంత? పేరు, పదార్థాలు, పోషకాల పట్టీ, తయారీదారు చిరునామా, బ్యాచి నంబరు, తేదీలు, ధర, బరువు, ఫిర్యాదులకు ఫోను నంబరు, మీ ముద్ర, పద్నాలుగు అంకెల రిజిస్ట్రేషను నంబరు. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది, ఎంత చిన్నది చేసినా చదవొచ్చు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. చిన్నది చేస్తే ఒత్తు కాస్తా మరకైపోతుంది. ఇంగ్లీషు తప్పనిసరి, తెలుగు అదనం అన్నప్పుడు చోటు చాలక మొదట ఎగిరిపోయేది ఏదో మీరే ఊహించుకోండి. పెద్ద కంపెనీల పొట్లాలు చూస్తే తెలుస్తుంది. ముందువైపు తెలుగులో ఊరించే పెద్దక్షరాలు, వెనకవైపు అసలు సంగతులన్నీ ఇంగ్లీషులో.

ఇక్కడ 'సహజం' అనే మాట దగ్గర కాస్త ఆగాలి, మా సరుకంతా దాని మీదే నడుస్తుంది కనుక. మీ 2018 నాటి ప్రకటనల నిబంధనల్లో ఒక ఆహారాన్ని సహజమని ఎప్పుడు అనొచ్చో రాశారు. అది ఒకే పదార్థం అయి ఉండాలి, అందులో ఇంకేదీ కలపకూడదు, తినడానికి వీలయ్యేలా చేసే పని తప్ప ఇంకేదీ చెయ్యకూడదు. ఆ పనుల్లో వేయించడాన్ని పేరు పెట్టి ఒప్పుకున్నారు. ఆ లెక్కన ఉప్పు లేని మా గుమ్మడి పప్పు సహజమే. నాలుగు రకాలు కలిపిన మా పొట్లం సహజం కాదు, 'సహజ పదార్థాలతో చేసినది' అనొచ్చు, అదీ అన్నీ ఆ షరతుకు లోబడితేనే. నాకీ కట్టుబాటు నచ్చింది. మా గిరాకీ పోయినా నచ్చింది. మసాలా పొడులు, పిండి పదార్థాలు, రుచి పెంచే రసాయనాలు దట్టించి, కవరుకి ఆకుపచ్చ రంగు పూసి, పక్కన ఒక ఆకు బొమ్మ వేసి ప్రకృతి సిద్ధమని అమ్మేవాళ్ల మధ్య మేం బతకాలి కదా. '100 శాతం' అన్న మాట లేబుళ్ల మీద వాడొద్దని 2025 మేలో మీరు చెప్పినప్పుడు కూడా మా షెడ్డులో సంతోషించాం.

కానీ ఒక ధర్మసందేహం తీర్చండి. మనుషులు తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలని మీ నిబంధనే. శ్రీకాకుళం జిల్లా నౌపడ మడుల్లో సముద్రపు నీరు ఎండి గడ్డకట్టిన ఉప్పు అచ్చంగా ప్రకృతిదే. దానికి అయోడిన్ లవణం కలిపి ప్యాకెట్టు చేశాక, ఏదీ కలపనిది అనడానికి వీల్లేదు. మరి ఆ ఉప్పునీళ్లు చిలకరించిన మా పుచ్చ పప్పు సహజ పదార్థాలతో చేసినదా, కాదా? అయోడిన్ తీసేయమని అడగడం లేదు, గాయిటరు రోజులు మళ్లీ ఎవరికీ వద్దు. చీటీ మీద ఏం రాయాలో చెప్పమంటున్నాను, అంతే. ఇంతవరకూ నేనడిగినవాళ్లలో ఏ ఇద్దరూ ఒకే జవాబు చెప్పలేదు.

భాష సంగతికీ దీనికీ లంకె ఉంది. ఇంగ్లీషులో 'నేచురల్' అని వేస్తే దాన్ని మీ నిబంధనతో పోల్చి చూసేవాళ్లున్నారు. అదే పొట్లం మీద తెలుగులో 'అచ్చమైన', 'మన నేల తల్లి కానుక', 'అమ్మమ్మ చేతి రుచి' అని వేస్తే ఎవరు అడిగారు? నిబంధన ఏ భాషలో చెప్పిన గొప్పకైనా వర్తించాల్సిందే. కానీ తెలుగును అదనం చేశాక, తెలుగులో ఆడే అబద్ధం మీద నిఘా కూడా అదనమైపోయింది. తెలుగు చీటీయే అసలు చీటీ అయితే, అందులోని ప్రతి మాటకూ తయారీదారు జవాబు చెప్పాలి. నేను కూడా చెప్పాలి. ఈ మార్పు మాకు సుఖం కోసం అడుగుతున్నది కాదని చెప్పడానికే ఇదంతా.

బయటి దేశాల సంగతి చూడండి. ఐరోపా సమాఖ్య 2011లో చేసిన ఆహార సమాచార చట్టంలో, సరుకు ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశపు కొనుగోలుదారుకు సులువుగా అర్థమయ్యే భాషలో లేబులు ఉండాలన్నారు. ఎస్తోనియా జనాభా 13 లక్షల పైచిలుకు, విశాఖ నగర జనాభా కంటే తక్కువ. అక్కడి అంగట్లో పొట్లం ఎస్తోనియా భాషలో మాట్లాడుతుంది. 2011 జనగణనలో తెలుగు మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు అధికార భాష అని 1966లోనే చట్టం చేసుకున్నాం. మా తాసీల్దారు తెలుగులో ఇచ్చిన కాగితం చెల్లుతుంది, మా గింజల పొట్లం మీద తెలుగు చెల్లదు.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నేనూ ఆలోచించాను. సరుకు రాష్ట్రం దాటితే ఎలా? దాటితే అక్కడి భాషో, ఇంగ్లీషో వెయ్యాల్సిందే. ఇచ్ఛాపురం అవతల బరంపురం కొట్లో పెట్టాలంటే ఒడియా వేస్తాం, లేదా పంపడం మానుకుంటాం. తనిఖీకి వచ్చేవారికి అర్థం కాదా? మా దగ్గరికి వచ్చే ఆహార భద్రతాధికారి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, ఆయనకు తెలుగు వచ్చు, మాకన్నా బాగా వచ్చు. వివాదం ముదిరి నమూనా మైసూరు ప్రయోగశాల దాకా వెళ్తే, దానితోపాటు నాలుగు లైన్ల అనువాదం పంపడం పెద్ద పనా?

ఒక అభ్యంతరం మాత్రం గట్టిదే. విశాఖ ఒక్క తెలుగువాళ్ల ఊరు కాదు. ఓడరేవు 1933లో తెరిచినప్పటి నుంచీ పరాయి నీళ్లు తాగినవాళ్లు ఇక్కడ దిగుతూనే ఉన్నారు. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఇక్కడే. ఉక్కు కర్మాగారం వచ్చాక బెంగాలీలూ, ఒడియావాళ్లూ, హిందీవాళ్లూ మరింత మంది స్థిరపడ్డారు. మా దగ్గర కొనే హాస్టలు పిల్లల్లో తెలుగు చదవనివాళ్లూ ఉన్నారు. వాళ్లకి పల్లీ పడకపోతే? అందుకని ఆ ఒక్క లైను, ఏది ఎవరికి పడదో చెప్పేది, రెండు భాషల్లోనూ వేయించండి. పల్లీకి, నువ్వుకి బొమ్మ పెట్టమన్నా పెడతాం. నువ్వులు మీ ఎలర్జీ జాబితాలో లేవు గానీ, అమెరికాలో 2023 జనవరి నుంచి లేబులు మీద చెప్పి తీరాలి. మీరూ చేర్చితే మంచిది. తేదీలూ, బరువూ, ధరా అంకెలే, వాటికి భాష బాధ లేదు. మిగతాది తెలుగులో ఉండనివ్వండి.

బొమ్మల విషయంలో మీరెంత ముందుచూపుతో ఉన్నారో తెలిసే అడుగుతున్నాను. మాంసాహారానికి గోధుమ రంగు చుక్క ఉండేది. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్లు శాకాహారపు చుక్కతో పొరబడకూడదని, ఇవే 2020 నిబంధనల్లో దాన్ని త్రికోణం చేశారు. రంగు తెలియని మనిషి గురించి అంత ఆలోచించిన కాగితంలోనే, ఇంగ్లీషూ హిందీ తెలియని మనిషి గురించి ఒక్క లైను లేదు.

గింజలు వేయించుకునే మనిషి గురించి పైవాళ్లు ఆలోచించడం ఎక్కడా జరగనిదేం కాదు. చైనాలో వూహు అనే ఊళ్లో నియాన్ గ్వాంగ్‌జ్యు అనే వీధి వ్యాపారి పుచ్చ గింజలు వేయించి 'పిచ్చోడి గింజలు' అనే పేరుతో అమ్మేవాడు. ప్రైవేటు వ్యాపారి ఏడుగురికి మించి కూలీలను పెట్టుకోకూడదన్నది అక్కడి అప్పటి కట్టడి. ఈయన గింజలకు గిరాకీ పెరిగి కూలీలు ఆ లెక్క దాటిపోయారు. ఇది దోపిడీయా కాదా అన్న తగాదా ఊరు దాటి, రాష్ట్రం దాటి దేశాన్ని ఏలేవాళ్ల దాకా వెళ్లింది. 1984లో డెంగ్ సియావోపింగ్, ఆయన జోలికి పోవద్దు, కొన్నాళ్లు చూద్దామన్నారు. 1992లో మళ్లీ ఆయన ప్రస్తావన తెచ్చారు. అక్కడి రాజకీయాలు నాకు పట్టవు, నియాన్ తర్వాత పడ్డ కష్టాలూ తక్కువేం కాదు. నాకు నచ్చింది ఒక్కటే, ఒక పొట్లాల వ్యాపారికి నిబంధన ఎక్కడ బిగుసుకుందో చూడటానికి అంత పెద్ద మనిషి తీరిక చేసుకున్నాడు.

మా నువ్వులు యలమంచిలి వైపు నుంచి వస్తాయి. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం వదిలిన రకాలకు వరాహ, గౌతమ, శారద అని పేర్లు పెట్టారు. రైతు ఆ పేరుతో విత్తనం అడుగుతాడు, దళారి ఆ పేరుతో ధర చెబుతాడు. శాస్త్రవేత్తలు చేసిన పనిని కూడా మన మాటల్లో చెప్పుకోవచ్చని, చెప్పుకుంటే చెలామణీ అవుతుందని ఆ కేంద్రం ఎప్పుడో చూపించింది. లేబులుకు కావలసిన తెలుగు లేదన్న సాకు మాత్రం దయచేసి చెప్పకండి. కొవ్వు, పీచు, చక్కెర, ఉప్పు, మాంసకృత్తులు అని మా అప్పకు కూడా తెలుసు. ఒకే పదార్థానికి జిల్లాకో పేరుంటే, ఏ పేరు రాయాలో ఒక పట్టిక మీరే వెయ్యండి. మా వైపు పిక్కలు అనేదాన్ని ఇంకో వైపు గింజలు అంటారు, రెండూ చెల్లుతాయని రాస్తే సరి.

నిబంధన మార్చే ముందు ముసాయిదాను గెజిట్‌లో ప్రకటించి, గడువు పెట్టి జనాన్ని అభిప్రాయాలు అడగడం మీ పద్ధతి. ఆ ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లో వస్తుంది. ఈసారి తెలుగు ప్రతి కూడా అదే రోజున పెట్టండి, గడువు ఆ ప్రతి పెట్టిన రోజు నుంచి లెక్కకట్టండి. తెలుగులో రాసిన అభిప్రాయాన్ని కూడా దస్త్రంలో చేర్చండి. రాష్ట్ర ఆహార భద్రత కమిషనరు కార్యాలయం నుంచి జిల్లా అధికారులకు ఒక ప్రతి, పట్టణాల్లో మెప్మా మహిళా సంఘాలకు ఒక ప్రతి వస్తే చాలు, అక్కడి నుంచి మాలాంటి షెడ్ల దాకా అదే వస్తుంది. మా అభిప్రాయం ఈసారి నేను రాయను. అప్ప రాస్తానంది, నిలవ తేదీ గురించి తనకు చెప్పాల్సింది చాలా ఉందట.

ఇట్లు,
మద్దిలపాలెం నుంచి
ఒక చిన్న తయారీదారు